ఊకొట్టే తల్లి పట్టుచీర

పెద్ద రోడ్డు వదిలి చింతలవాగు వెంట కొంత దూరం నడిస్తే ఊకొట్టే తల్లి గుడి వస్తుంది. గుడి చిన్నదే. ఇక్కడ అమ్మవారికి నగలకన్నా అద్దకపు పట్టుచీరే ముఖ్యం. పేరు విని నవ్వుకునే భక్తులు ఏటా కొందరుంటారు. అమ్మవారు వారి మీద అలగదు.

పూర్వం ఇక్కడ చెక్క అచ్చులతో బట్టల మీద పూలు అద్దేవారు కాపురముండేవారు. వారిలో కోటిలింగం, సూరాంబ దంపతులు ఏటా జాతరకు అమ్మవారి పట్టుచీర అద్దేవారు. అతడు పూవు అంచు గీతను అచ్చుతో అద్ది "పడింది" అనేవాడు. ఆమె "ఊ" అనగానే అచ్చు ఎత్తి ముందుకు జరిగేవాడు. ఆమె ఆ గీత లోపల ఎర్రరంగు నింపేది. వారి కాపురమంతటికీ ఇంచుమించు ఆ రెండు మాటలే సరిపోయాయి.

ఒక వేసవిలో కోటిలింగం జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. రెండు పనులూ సూరాంబకు వచ్చు. కాని గీత అచ్చు వేసి అలవాటుగా తానే "పడింది" అనేది, బదులు కోసం చెవి ఒగ్గేది. అంతసేపూ అచ్చు పట్టు మీదే ఉండిపోయి, రంగు పాకి, పూవు మచ్చయ్యేది. ఆ ఇంట్లో ఆమె మాటకు బదులు పలికే దిక్కు లేదు.

అద్దకంవారి పెద్ద వీరాస్వామి వచ్చి పాడైన పట్టు చూశాడు. "ఇంకొకటి చెడిందంటే అమ్మ చీర వేరే ఇంటికి ఇవ్వక తప్పదు, సూరమ్మా" అన్నాడు. భర్తతో కలిసి చేసిన పనిలో ఆమెకు మిగిలింది ఆ చీర ఒక్కటే. అదీ పోతే ఎందుకు బతకాలో ఆమెకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం అద్దకపు బల్ల మీదే తల వాల్చి కునుకు తీసింది. కలలో అమ్మవారు కనబడి, "ఒంటరిదానివి నువ్వొక్కదానివే అనుకున్నావుటే? నా దగ్గరకు కోరికలు అడిగేవాళ్ళే గాని మాట్లాడేవాళ్ళు రారు. బల్ల తెచ్చి నా గడప ముందు వేసుకో. నువ్వు అద్దు, నేను ఊకొడతాను" అంది.

సూరాంబ అలాగే చేసింది. "పడింది" అనగానే గర్భగుడిలోంచి "ఊ" వినబడింది. ఆమెకు తప్ప ఎవరికీ వినబడలేదు. మతి చలించిందని కొందరు చెవులు కొరుక్కున్నారు. చీర పూర్తయ్యేసరికి ఒక్క పూవూ పాకలేదు, ఆ నోళ్ళు మూతబడ్డాయి.

ఏళ్ళు గడిచి సూరాంబ ముసలిదయింది. "నేను పోతే నీకు తోడెవరమ్మా?" అని బెంగపడి, పెద్దల చేత ఒక కట్టుబాటు పెట్టించింది.

నేటికీ భక్తులు కోరిక చెప్పుకునే ముందు గడప దగ్గర కూర్చుని, అమ్మ ఏదో చెబుతున్నట్టు విని, "ఊ" అంటారు. అలా అన్నవారి ఇంట పలకరించే మనిషి కరువు కాడని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారు కొందరు ఏ కోరికా చెప్పకుండా, ఊకొడుతూ పొద్దుగూకేదాకా కూర్చుంటారు. వారు లేచేవరకు పూజారి తలుపు వెయ్యడు.