ఇన్నాసి సమాధికి రాజుగారి తీర్పు

గోచిపాతంత నేలను కూడా రాజ్యమని పిలుచుకున్న రోజులవి. కొండకూ ఏటికీ నడుమ కోనగిరి అని అలాంటిదే ఒక రాజ్యం ఉండేది. దాన్ని నరసింహ భూపతి ఏలేవాడు.

పొరుగు రాజులకు వేట పిచ్చి. ఈయనకు తీర్పుల పిచ్చి. శైవులకూ వైష్ణవులకూ మాట పట్టింపు వస్తే ఈయన తీర్పు చెప్పాల్సిందే. వేదాంతులు జగత్తు ఉందా లేదా అని కొట్టుకుంటే, ఉన్నదని మధ్యాహ్న భోజనానికి ముందే తేల్చేశాడు. 'సర్వమత ధర్మనిర్ణేత' అని బిరుదు కూడా పెట్టుకున్నాడు. ఇచ్చినవాడూ తానే, పుచ్చుకున్నవాడూ తానే.

ఆయన కొలువులో భట్టు తిప్పరాజు అని ఒక పెద్దమనిషి. రోజూ ఉదయం రాజు సింహాసనం మీద కూర్చోగానే రాజవంశావళి చదవడం అతని పని. "సూర్యుడు మొదలు నేటి ప్రభువు దాకా తెగని దారంలా సాగిన వంశం" అని ఎత్తుకుని ఒక్కొక్క పేరే చదువుకుంటూ వచ్చేవాడు. రాజుగారి ముత్తాత పేరు కాగానే మాత్రం గట్టిగా దగ్గేవాడు. దగ్గి, తాతగారి పేరు అందుకునేవాడు. ఆ దగ్గు అతనికి తండ్రి నేర్పాడు. తండ్రికి ఆయన తండ్రి నేర్పాడు. అక్కడ ఎందుకు దగ్గాలో సభలోని ముసలివాళ్ళందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు.

ఒక వేసవి ఉదయం అతను వంశావళి ముగించి చెమట తుడుచుకుంటూండగా, ఒక స్త్రీ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. తల మీద కొంగు, మెడలో చిన్న సిలువ. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన ముఖం. ఆమె వెనక ఇద్దరు మగవాళ్ళు ఒకరికొకరు ఎడంగా నిలబడ్డారు. తెల్లటి నిలువుటంగీ తొడుక్కున్నవాడు కతోలిక గురువు శౌరయ్య. తలపాగా చుట్టి, పంచె మీద నల్లకోటు వేసుకున్నవాడు మోర్మన్ల సంఘపు పెద్ద ఎఫ్రాయీము. ఇద్దరూ క్రీస్తునే కొలుస్తారు. కానీ ఒకరి గుడి మెట్టు ఒకరు ఎక్కరు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు రాజు.

"తెరేజమ్మని, దొరా. ఏటి గట్టున సున్నపు బట్టీ మాది. నా పెనిమిటి ఇన్నాసి తెల్లారగట్ల పోయాడు. పుట్టుకతో ఇద్దరం కతోలికులమే. రేవుపట్నానికి సున్నం తోలే రోజుల్లో ఆయన మోర్మన్ల బోధ విన్నాడు. ఏట్లో మునిగి వాళ్ళలో కలిశాడు. నేను కలవలేదు. ఆయన ప్రార్థన ఆయనది, నా జపమాల నాది. అన్నం మాత్రం ఒక్క కుండలోనే వండాను. మా పాప పొత్తిళ్ళలో ఉండగానే పోయింది. కతోలికుల సమాధుల తోటలో ఉంది. దాని పక్కనే తనను పడుకోబెట్టమని నా చెయ్యి పట్టుకుని అడిగాడు. మతం మారినవాడికి ఆ తోటలో చోటు లేదంటున్నారు ఊళ్ళో. రేపొద్దున నేనూ ఆ పక్కకే చేరాలి కదా దొరా. పొద్దుగూకేలోగా ఆయన్ని ఎక్కడ పెట్టుకోను? అదొక్కటి చెప్పండి."

తిప్పరాజు తల వంచుకున్నాడు. రాజు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఇది గోతి తగువు కాదు! ఈ ఇద్దరిలో ఎవరి మతం అసలుది అనే తగువు. అది తేలితే గోయి దానంతటదే తేలుతుంది. వాదించండి. ఓడినవారి గుడికి తాళం. గెలిచినవారికే సమాధుల తోట. ఓడినవారి శవం ఏరు దాటాల్సిందే."

తెరేజమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. మెల్లగా అంది. "ఎవరు ఓడినా నా ఇల్లే కదా దొరా ఓడేది. ఆయన ఓడితే ఏటి అవతలికి పోతాడు. ఆయన గెలిస్తే నేను పోతాను."

రాజు వినిపించుకోలేదు. చేయెత్తి శౌరయ్య గురువును రమ్మన్నాడు. "మీరు చెప్పండి. బోధించడానికి మీకు అధికారం ఎక్కడిది?"

"క్రీస్తు ప్రభువు తన శిష్యుడు పేతురుకు ఇచ్చిన అధికారం, ప్రభూ. పేతురు తన తర్వాతివారి తల మీద చేతులుంచాడు. వారు తమ తర్వాతివారి మీద ఉంచారు. అలా చేతి నుంచి చేతికి వచ్చింది. మా గురువులందరికీ పెద్దయిన మేత్రాణులు నా తల మీద చేతులుంచారు. ఎక్కడా తెగలేదు. 'నా సంఘాన్ని నరకం కూడా గెలవజాలదు' అని ప్రభువు మాట ఇచ్చారు. మధ్యలో తెగిపోయిందంటే ఆయన మాట తప్పారని కదా అర్థం?"

"మీరేమంటారు?" అని రాజు ఎఫ్రాయీము వైపు తిరిగాడు.

"తెగింది, మహాప్రభో. క్రీస్తు శిష్యులైన అపొస్తలుల్ని చంపారు. వాళ్ళతోనే ఆ అధికారం భూమి మీంచి వెళ్ళిపోయింది. తర్వాత వచ్చిన పెద్దలు సభలు పెట్టి తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకే పదార్థమని తీర్మానించారు. వాళ్ళు ముగ్గురు వేరువేరు అంటాము మేము. చాలాకాలం తర్వాత అమెరికాలో జోసెఫ్ అనే పల్లెటూరి యువకుడికి తండ్రీ కుమారుడూ కనిపించారు. పేతురే మరో ఇద్దరు అపొస్తలులతో దిగివచ్చి అతని తల మీద చేతులుంచాడు. పోయినది అలా తిరిగి వచ్చింది. కొత్త గ్రంథమూ వచ్చింది."

"చివరి అపొస్తలుడితోనే దేవుని వెల్లడి పూర్తయింది," అన్నాడు గురువు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "దాని మీద ఇంకో గ్రంథం లేదు. తండ్రికి కూడా మనిషిలా మాంసమూ ఎముకలూ ఉన్నాయని మీరంటారు, అది నేను ఒప్పుకోలేను. మీరు మునిగే నీళ్ళు నీళ్ళే. కానీ మాకది జ్ఞానస్నానం కాదు."

"పసిబిడ్డ నెత్తిన మీరు పోసే నీళ్ళూ మాకు బాప్తిస్మం కావు," అన్నాడు ఎఫ్రాయీము. "బుద్ధి తెలియని బిడ్డకు పాపమేమిటి? దానికి నీళ్ళు అక్కర్లేదు. నేరుగా దేవుని దగ్గరకే పోతుంది."

"జ్ఞానస్నానం పొందిన బిడ్డ నేరుగా దేవుని దగ్గరకే పోతుంది," అన్నాడు శౌరయ్య. "ఆ పాప నుదుటి మీద నీళ్ళు పోసింది నేనే. దాని కోసం ప్రార్థన కూడా అక్కర్లేదు."

తెరేజమ్మ తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ తన పాపను ఒక్కచోటికే పంపారన్న సంగతి సభలో ఆమెకూ తిప్పరాజుకూ తప్ప ఎవరికీ పట్టలేదు.

రాజు మీసం సవరించుకున్నాడు. "తీర్పు తయారైంది. తెగిన పరంపర పరంపర కాదు! మధ్యలో ఆగి, ఎవరికో ఏదో కనిపించిందని మళ్ళీ మొదలైనది నకిలీ! మతానికైనా, మఠానికైనా, పూరిపాకకైనా, కోటకైనా ఇదే ధర్మం. దీన్ని శిలాశాసనం చేయించండి!"

సభికులు భళీ భళీ అన్నారు. ఎఫ్రాయీము ముఖం పాలిపోయింది.

తిప్పరాజు లేచి చేతులు జోడించాడు. "మహాప్రభో, శాసనం చెక్కేముందు వంశావళి చదవడం ఆనవాయితీ. సెలవైతే చదువుతాను."

"కానీయవయ్యా."

తిప్పరాజు సూర్యుడి దగ్గర ఎత్తుకున్నాడు. పేర్లన్నీ తాపీగా చదువుతూ రాజుగారి ముత్తాత దాకా వచ్చాడు. వచ్చి దగ్గాడు. దగ్గి, తాతగారి పేరు అందుకోకుండా మళ్ళీ దగ్గాడు. మూడోసారి కూడా దగ్గేసరికి సభలో ముసలివాళ్ళు నేల చూపులు చూడసాగారు.

"ఏమయ్యా భట్టూ, గొంతులో ఏమైంది?"

"చిన్న ధర్మసందేహం, మహాప్రభో. దగ్గరకు వచ్చి అడగమంటారా, ఇక్కడి నుంచే అడగమంటారా?"

రాజుకు అప్పుడు ఏదో స్ఫురించింది. "దగ్గరకే రా," అన్నాడు.

తిప్పరాజు సింహాసనం పక్కకు వెళ్ళి గొంతు తగ్గించాడు. "ఏలినవారి ముత్తాతగారి కాలంలో శత్రువులు కోట పట్టుకున్నారు. చాలా ఏళ్ళ పాటు ఈ సింహాసనం మీద ఈ వంశం వారెవరూ లేరు. తర్వాత మల్లన్న అనే గొల్లవాడికి అమ్మవారు కలలో కనిపించి, కుమ్మరివాడలో పెరుగుతున్న పిల్లవాడే రాజబిడ్డ అని చెప్పింది. ఆ పిల్లవాడే తమ తాతగారు. ఇప్పుడు తెగిన పరంపర పరంపర కాదని రాయి మీద చెక్కిస్తున్నాం. మరి రేపటి నుంచి నేను దగ్గాలా, శాసనం ప్రకారం ముత్తాతగారి దగ్గరే ఆపేయాలా?"

రాజు అటూ ఇటూ చూశాడు. తర్వాత ఆయనా గొంతు తగ్గించాడు. "అయితే తీర్పు తిప్పేద్దాం. తెగినది దైవం కనిపించి మళ్ళీ అతికితే అదే అసలుదని చెక్కిద్దాం. కతోలికులు ఓడినట్టు."

"చిత్తం. అది కూడా బాగానే ఉంది." తిప్పరాజు తల ఊపాడు. "కాకపోతే కొండకోటలో తమ దాయాది అనంతపాలుడుగారు ఉన్నారు కదా. వారి గొల్లవాడికి కూడా నిరుడు ఒక కల వచ్చిందట. అసలు రాజబిడ్డ అనంతపాలుడేనని అమ్మవారు చెప్పిందట. ఈ శాసనం సంగతి వారి చెవిన పడితే..."

"చాలు, ఆపు." రాజు సింహాసనంలో వెనక్కి వాలాడు. "అటు చెబితే తాత పోతాడు. ఇటు చెబితే సింహాసనమే పోతుంది. ఇదేం తగువయ్యా?"

"పెద్ద తగువే, ప్రభూ. ఎన్నో తరాలుగా మహామహులు తలలు బద్దలు కొట్టుకున్నా తెగలేదు. ఈ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఎవరి నమ్మకం కోసం వాళ్ళు ప్రాణమైనా ఇస్తారు. దాన్ని తేల్చమని ఆ తల్లి మనల్ని అడగలేదు. శవం ఎక్కడ పెట్టుకోనని మాత్రమే అడిగింది."

రాజు తెరేజమ్మ వైపు చూశాడు. అంతదాకా ఆమెను నిజంగా చూడలేదు. ఆమె కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుంటూ, వాకిట్లో పొడుగవుతున్న నీడలను చూస్తోంది.

"అయితే అడుగు," అన్నాడు రాజు తగ్గిన గొంతుతో.

తిప్పరాజు గురువు వైపు తిరిగాడు. "గురువుగారూ, మీ సమాధుల తోటంతా ఒక్కసారే అభిషేకించారా, లేక మనిషిని పెట్టేటప్పుడు ఆ గోతిని మాత్రమే దీవిస్తారా?"

శౌరయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. "మేత్రాణులు ఈ కొండదారిన ఎన్నడూ రాలేదు. తోటంతా అభిషేకం కాలేదు. ఏ గోతికి ఆ గోతినే దీవిస్తున్నాను."

"పాప పక్క నేల ఇంకా దీవించలేదు కదా? అక్కడ ఇన్నాసిని పెడితే మీ ధర్మానికేమైనా అడ్డమా?"

"నేను దీవించలేను. పూజ చెప్పలేను," అన్నాడు గురువు. ప్రతి మాటా తూకం వేసి పలుకుతున్నట్టు ఉంది. "అతను మమ్మల్ని విడిచి వెళ్ళాడు. వెళ్ళలేదని నటిస్తే అతన్ని అవమానించినట్టే. కానీ దీవించని మట్టి మట్టే. దాన్ని తవ్వొద్దనే అధికారం నాకు లేదు. తోట ఏలినవారి తాతగారు ఇచ్చిన దానం."

"ఎఫ్రాయీముగారూ, మీరేమంటారు?"

"సమాధిని దేవుడికి అప్పగిస్తూ ప్రార్థన చేయడం మా ఆచారం. గోయి ఎక్కడున్నా చేస్తాను. చుట్టూ ఎవరున్నారని మేము అడగము."

"రేపు తెరేజమ్మ పోతే?"

"ఆమె గోతిని నేను దీవిస్తాను," అన్నాడు శౌరయ్య.

"నేను అడ్డు రాను," అన్నాడు ఎఫ్రాయీము.

రాజు లేచి నిలబడ్డాడు. "తీర్పు వినండి. ఇన్నాసిని అతని బిడ్డ పక్కన పెట్టండి. ఏ గుడికీ తాళం లేదు. మతాల సంగతి..." ఆగి తిప్పరాజు వైపు చూశాడు. "మతాల సంగతి దేవుడే చూసుకుంటాడు. అంతపెద్ద తీర్పు ఈ సింహాసనానికి తగదు."

అని ఆయన నవ్వాడు. తన మీద తానే నవ్వుకున్న నవ్వది. "భట్టూ, నన్ను రెండు వైపులా కట్టేసి బయటకు దారి కూడా చూపించావు. ఏం కావాలో కోరుకో."

"రేపటి నుంచి ఆ చోట దగ్గకుండా చదవడానికి అనుమతి ఇప్పించండి, ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అదొక్కటి అడక్కు! ఏటి కింద ఎకరం మాగాణి రాసిస్తాను. దగ్గు మాత్రం యథావిధిగా దగ్గు." అంతలో తెరేజమ్మ కళ్ళొత్తుకోవడం చూసి నవ్వు ఆపేశాడు. "వెళ్ళమ్మా. పొద్దు వాలుతోంది," అని తానే మెట్లు దిగి వాకిలి దాకా వచ్చాడు.

సాయంత్రం సున్నపు బట్టీల వాళ్ళు పాడె మోశారు. తిప్పరాజు వెంట నడిచాడు. పాప సమాధి చేట కంటే పెద్దదేమీ కాదు. దాని పక్కన తవ్విన గోతిలోకి ఇన్నాసిని దించారు. ఎఫ్రాయీము చేతులు కట్టుకుని, ప్రభువు వచ్చే రోజు దాకా ఈ దేహాన్ని ఈ నేల కాపాడాలని ప్రార్థించాడు. తెరేజమ్మ జపమాల తిప్పుతోంది. ఎవరూ ఎవరినీ ఆపలేదు.

శౌరయ్య గురువు గేటు బయటే నిలబడిపోయాడు. ప్రార్థన ముగిశాక లోపలికి వచ్చాడు. ఇన్నాసి గోతి వైపు వెళ్ళలేదు. పాప సమాధి దగ్గర మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాడు.

"సామీ," అంది తెరేజమ్మ. "పాపకి ప్రార్థన అక్కర్లేదని పొద్దున మీరే చెప్పారు కదా?"

"పాపకి అక్కర్లేదమ్మా," అన్నాడు గురువు, కళ్ళు తెరవకుండానే. "ఈ పూట నాకు కావాలి."

మట్టి వేయడానికి కుర్రాళ్ళు పారలెత్తారు. ఎఫ్రాయీము వాళ్ళను చేత్తో వారించి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, గురువు లేచే దాకా అలాగే నిలబడ్డాడు.