బ్రహ్మదండి మొగ్గ, వంకాయ ముచ్చిక

"గురువుగారూ, పిల్లను ఎప్పుడు వదిలిపెట్టాలి?" అని అడిగింది భ్రమరాంబ.

ఆమె పేరయ్య దాసు గారి దగ్గర హరికథ నేర్చుకున్న మనిషి. ఆ సాయంత్రం బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో ఆమె కూతురు కాత్యాయని మొదటిసారి కథంతా తానే చెప్పబోతోంది. ఇన్నాళ్ళూ కూతురు పాడేటప్పుడు తల్లి ఆమె వెనక నిలబడి, మరిచిన మాట అందిస్తూ వచ్చింది. ఇవాళా నిలబడాలా, వద్దా?

దాసు గారు లేచి బయటికి నడిచారు. పెరటి కంచె దగ్గర మొలిచిన బ్రహ్మదండి ముందు ఆమెను కూర్చోబెట్టారు. మొగ్గను మూడు ముళ్ళ రక్షక పత్రాలు బిగించి పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి అవి విడివడి, ఒకదాని వెంట ఒకటి నేలరాలాయి. పసుపు రేకులు ముడతలతోనే విచ్చుకున్నాయి.

"అయితే నేనూ తప్పుకోవాలన్నమాట," అంది ఆమె చిన్నబోయి.

ఆయన వంగమొక్క చూపించారు. పువ్వు ఎప్పుడో పోయింది. దాన్ని కాచిన పత్రాలు మాత్రం ముచ్చికై కాయను అంటిపెట్టుకునే ఉన్నాయి. పక్కన బుడ్డకాయ మొక్కకైతే అవి ఇంకా పెరిగి, బుడగలా ఉబ్బి, కాయను లోపల దాచుకున్నాయి. భ్రమరాంబ ఒక బుడగ తెంపి, చిన్నప్పటిలా నుదుటికేసి కొట్టుకుంది. టప్పుమంది. ఇద్దరూ నవ్వారు.

"మరి నేను వీటిలో ఏదండీ?"

"కాత్యాయనిని అడిగావా?"

ఇంటికి వెళ్ళి అడిగింది. "ముందు వరసలో కూర్చో అమ్మా," అంది కూతురు. "వెనక నిలబడితే నీ మొహం నాకెలా కనబడుతుంది?"

సాయంత్రం సీతా కల్యాణం. విల్లు విరిగింది. ఆ వెంటనే రావలసిన పద్యం కాత్యాయనికి రాలేదు. భ్రమరాంబ సగం లేచింది, పెదవి విప్పింది, మళ్ళీ కూర్చుంది. కాత్యాయని చిడతలు ఒక్కసారి మోగించి, మృదంగం ఆయన వైపు తిరిగింది. "చూశారా మామయ్యా, ఆ చప్పుడుకి నాకే మాట పడిపోయింది. పాపం, పక్కనే ఉన్న జనకుడి గతేమిటో!" జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఆగేలోగా పద్యం గుర్తొచ్చింది. గొంతెత్తి పాడింది.

కథ ముగిశాక భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ పందిట్లో కూర్చున్న దాసు గారి దగ్గరికి వచ్చింది. "ఆ పద్యం నా నోటిదాకా వచ్చింది గురువుగారూ!"

"చూశాను," అన్నారు దాసు గారు. "ఇవాళ్టి కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే."