మూత బిగించిన డ్రమ్ము

మానేరు ఒడ్డున ఒక ఊర్లె ఐలవ్వ అని బీడీలు చేసే మనిషి ఉండేది. మొగడు సచ్చిపోయినకాన్నుంచి ఇంటి తలుపు తియ్యదు, ఎవరేం చెప్పినా వినదు.

మొగడు ఓదెలు చేపలు పట్టేటోడు. ఇంటెనుక గుంతల కొర్రమీన్లు సాదిండు. ఆయన చేతుల పెరిగినయి అవే మిగిలినయి. ఎండకాలం వచ్చి గుంత ఎండవట్టింది. వానలు పడేదాక వాటిని ఎట్లనన్న బతికియ్యాలె, ఐలవ్వకు అదే పట్టుదల.

నీళ్ల డ్రమ్ము కడిగి, చేపలను అందుల ఏసి, అంచుదాక నీళ్లు నింపింది. ఎగిరి దుంకుతయని మూత బిగించి పైన రాయి పెట్టింది.

పక్కింట్ల ఉండే ఆడబిడ్డ కొమురవ్వ గోడమీదికెళ్లి తొంగి చూసింది.

"వదినా, గట్ల నింపకు. సగం నీళ్లు సాలు. వాటికి గాలి కావాలె."

"నీళ్లల్ల పుట్టినదానికి గాలేందే? చేప నీళ్లల్ల మునిగి సస్తదా?"

"ఈ చేప సస్తది. అన్న నీకు ఎన్నడు చెప్పలేదా?"

"మీ అన్న లేడు. నువ్వు పోయి నీ ఇల్లు చూస్కో," అని ఐలవ్వ తలుపేసుకున్నది.

తెల్లారి రాయి తీసి చూస్తే, చేపలు తెల్ల కడుపులు పైకేసి ఉన్నయి. ఐలవ్వ తలుపు తీసి, "కొమురవ్వా!" అని ఒక్క కేక పెట్టింది.

కొమురవ్వ ఉరికొచ్చింది. డ్రమ్ము వంచి సగం నీళ్లు పారబోసింది. అడుగున ఒక్కటి ఇంకా మెదులుతున్నది. దాన్ని చేత్తోని మెల్లగ పైకి పట్టింది. అది మూతి బయటపెట్టి గుటుక్కున గాలి మింగింది.

"రవ్వ చేప అయితే నీళ్లల్ల ఉన్న గాలినే మొప్పలతోని గుంజుకుంటది వదినా. కొర్రమీనుకు అది సాలదు, పైకొచ్చి మింగాలె. నీ పెరట్ల మిరపచెట్టు సుత అంతే గద! మన్నుల సందులుంటెనే వేరుకు గాలి. మడిల నీళ్లు నిలవడితే ఆకు పండువారదా?"

ఐలవ్వ ఆ చేప దిక్కే చూసుకుంట, మొగడు పోయినంక మొదటిసారి బోరున ఏడ్చింది. కొమురవ్వ పక్కన కూసున్నది.

"ఏడువు వదినా. ఎన్నొద్దులు బిగవట్టుకుంటవు?"

వానలు పడి గుంత నిండింది. ఇద్దరు కలిసి ఆ చేపను గుంతల ఇడిచిండ్రు. అప్పటిసంది ఐలవ్వ తలుపు పొద్దంత తెరిచే ఉంటది.

నీతి ఏందంటే: చేప అయినా, చెట్టు అయినా, దుఃఖంల ఉన్న మనిషి అయినా, ఊపిరాడే సందు లేకుంటే బతకదు, ఎంత పాణమైనదాని మీదైనా మూత బిగించద్దు.