పిల్లి దాటని దారి

గండికొలను దొరవారి కొలువులో, బొమ్మలు గీసే కిష్టవ్వ తన కొత్త పటాన్ని గోడకు తగిలించింది. అందులో ఒక రైతు బండి కట్టుకుని సంతకు బయల్దేరాడు, ఎదురుగా దారి నడుమ నల్లపిల్లి. రైతు తెల్లబోయిన ముఖం చూసి దొర పకపకా నవ్వాడు.

ఆస్థాన జ్యోతిష్కుడు శంభుశాస్త్రి మాత్రం మండిపడ్డాడు. "రేపు దొరవారు వేటకు బయల్దేరుతుంటే ఇవాళ కొలువులోకి పిల్లిని తెస్తుందా? పటం తగలబెట్టించండి, దీన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి!"

దొర నవ్వు ఆరిపోయింది. భటులు పటం మీద చెయ్యి వేశారు.

కిష్టవ్వ బెదరలేదు. "పంతులుగారూ, పిల్లి కనబడితే కీడా, దారి దాటితే కీడా?"

"దాటితేనే!" కసిరాడు శాస్త్రి.

"నా పిల్లి దారి మధ్యలోనే ఉంది. ఎన్నేళ్లయినా అక్కడే ఉంటుంది. కానీ దొరా, పటం ఈ గోడకుంది, వాకిలి ఆ పక్కనుంది. బయటికి మోసుకుపోవాలంటే పిల్లి తమరి ముందునుంచే దాటాలి."

భటుల చేతులు అక్కడే ఆగిపోయాయి.

"దించకండి!" దొర గద్దె మీంచి లేచాడు. "కదలకుండా ఇంకో రెండు మేకులు కొట్టండి!"

సుత్తి కోసం అందరికంటే ముందు పరిగెత్తింది శాస్త్రే.