నీలం తలుపు ముందు చెప్పులు

ఫణీంద్రకి ఒకే ఒక్క దిగులు. తనకి ఫొటోలు తీయడం నేర్పిన శరభయ్య మాస్టారు తన ఫొటో చూసి ఇంతవరకూ "బాగుంది" అనలేదు. "ఊ" అనేవారు. పత్రికలో పడిన ఫొటోకీ ఊ, బహుమతి వచ్చిన ఫొటోకీ ఊ. ఆ ఊలలో పొట్టీ పొడుగూ తేడాలేమైనా ఉన్నాయేమోనని కొన్నాళ్ళు చెవులు రిక్కించి విన్నాడు. లేవు.

మాస్టారిది సామర్లకోటలో చిన్న స్టూడియో. ఫణీంద్ర శిష్యుడిగా చేరిన కొత్తలో ఆయన కెమెరా ముట్టుకోనివ్వలేదు. గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, బయట విడిచిన చెప్పులు చూసి లోపలికి ఎవరెవరు వచ్చారో చెప్పమనేవారు. పిల్లల చెప్పులు ఎక్కువుంటే ముందు వరసకి చాప పరవాలి. చేతికర్ర కూడా ఆనించి ఉంటే పెద్దవాళ్ళకి కుర్చీ వెయ్యాలి. బోర్లా పడ్డ చెప్పు కనిపిస్తే తిరగేసి పెట్టాలి. చెప్పు బోర్లా పడితే దెబ్బలాట వస్తుందని మన వైపు అంటారు కదా. ఫొటోకి వచ్చినవాళ్ళు దెబ్బలాడుకుంటే మొహాలు సరిగ్గా రావని మాస్టారి భయం.

ఆ తరవాత ఫణీంద్ర హైదరాబాదు వెళ్ళి పెద్ద పేరే తెచ్చుకున్నాడు. అతని ఫొటోల్లో మనుషులు ఉండరు, తలుపులే ఉంటాయి. పాత తలుపు, దాని రంగు, దాని చెక్కడం, అంతే. ఆ సంగతి విని ఫ్రాన్సు నుంచి పిలుపొచ్చింది.

లియోన్ అని అక్కడ ఒక పాత నగరం. రెండు నదులు కలిసేచోట ఉంటుంది. పాత పేటలో కొన్ని వీధులు ఎంత ఇరుకంటే, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి పంచదార గిన్నె అందించవచ్చు. గోడలు పసుపూ కావిరంగూ. తలుపులు మాత్రం ఏనుగు పట్టేటంత. ఆ ఊరి ఫొటో సంఘంవాళ్ళు, "మా తలుపుల ఫొటోలు తీసి మా హాల్లోనే ప్రదర్శన పెట్టండి" అన్నారు. ఫణీంద్ర మాస్టారిని కూడా వెంటబెట్టుకెళ్ళాడు. గోడ నిండా ఫొటోలు తగిలించాడు గానీ నడిమధ్య చోటు ఖాళీగా ఉంచేశాడు. అక్కడ పెట్టబోయేది మాస్టారి చేత బాగుంది అనిపించిన ఫొటో. అది దొరక్కపోతే ఆ చోటు ఖాళీగానే ఉంటుందని సంఘంవాళ్ళతో చెప్పేశాడు కూడా. ప్రదర్శన ఎల్లుండి.

"ఇదిగో చూడండి మాస్టారూ, పదహారో శతాబ్దం. ఓకు చెక్క."

మాస్టారు కెమెరా తెర మీద ఆ తలుపు ఫొటో చూశారు. "ఎవరిల్లు?"

"ఎవరిదో తెలీదు మాస్టారూ. ఆ మేకుల వరస చూడండి."

"ఊ."

"పోనీ ఇది? ఈ ఇత్తడి చెయ్యి చూశారా? దాంతో తలుపు తడతారన్నమాట. వేళ్ళకి గోళ్ళు కూడా చెక్కాడు."

"ఎవరిల్లు?"

ఫణీంద్ర కెమెరా మూసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ బయల్దేరారు. మాస్టారిది పంచె, స్వెట్టరు, మంకీ క్యాపు. కాళ్ళకి మేజోళ్ళు, వాటి మీద బొటనవేలి తోలు చెప్పులు. మేజోడు వేళ్ళ మధ్య ఇరుక్కుని, నడుస్తుంటే ఆయన పాదాలు రెండూ బాతు కాళ్ళలా ఉన్నాయి. దారినపోయే కుక్కలు కూడా ఆగి చూశాయి.

ఒక సందు మలుపులో ఫణీంద్ర టక్కున ఆగిపోయాడు. నీలం తలుపు. మధ్యలో ఇత్తడి చెయ్యి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఆ తలుపు మీదే పడుతోంది.

"ఇదే! మాస్టారూ, ఇదే!"

కానీ తలుపు ముందు ఎర్రపూల కుండీ ఒకటి ఉంది. సైకిలు ఆనించి ఉంది. తలుపుకి ఏదో చీటీ అంటించి ఉంది. ఫణీంద్రకి ఇవన్నీ కొత్త కాదు. సైకిలు పక్కింటి గోడకి చేర్చాడు. చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. కుండీ ఎత్తి కాలవ పక్కన దించాడు. వెనక్కొచ్చి కెమెరా కంటికి పెట్టుకునేసరికి అందులో మంకీ క్యాపు కనిపించింది.

"మాస్టారూ, కాస్త పక్కకి జరగండి. ఫ్రేములోకి వచ్చేస్తున్నారు."

మాస్టారు జరిగారు.

అంతలో పైకిటికీ ధడాలున తెరుచుకుంది. ముగ్గుబుట్టలాంటి తలతో ఒక పెద్దావిడ వంగి చూసి, ఫ్రెంచిలో గడగడా తిట్టడం మొదలెట్టింది. భాష రాకపోయినా తిట్టు అని తెలుస్తూనే ఉంది. ఫణీంద్ర ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. ఆవిడ మాటని అది తెలుగులో పలికింది: "నా పూలని ఎక్కడికి తీసుకుపోతున్నావు, దొంగా?"

"ఆవిడ అడిగిందాంట్లో తప్పేముందిరా?" అన్నారు మాస్టారు. "జేబులోది ఇలా ఇయ్యి."

చీటీ తీసుకుని ఎలా ఉన్నది అలా అంటించారు. సైకిలు తెచ్చి ఆనించారు. కుండీ ఎత్తుకొచ్చి, మట్టి మరక ఉన్నచోటే సరిగ్గా దించి, పూలు వీధివైపు ఉండేలా తిప్పారు. ఆ పైన ఒకరి గుమ్మం ముందు నిలబడ్డామని గుర్తొచ్చినట్టుంది, అలవాటు చొప్పున చెప్పులు విడిచి, పైకి చూసి నమస్కారం పెట్టారు.

కిటికీలో తిట్లు ఆగిపోయాయి. చలికి వణికిపోతున్న రాతి వీధిలో ఒక ముసలాయన ఒట్టి మేజోళ్ళతో నిలబడి దణ్ణం పెడుతున్నాడు. ఆవిడ "ఓ లలా!" అంది. మెట్లమీద దబదబా అడుగులు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. ఆవిడ మాస్టారి మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపు మూసుకుంది.

వీధిలో ఫణీంద్ర ఒక్కడూ మిగిలాడు. ఎండ ఇంకా ఉంది. మనిషి లేడు. కోరుకున్నట్టే అయింది. కానీ కుండీ, సైకిలు, చీటీ మళ్ళీ ఉన్నచోటికే వచ్చేశాయి, వాటికి తోడు ఇప్పుడు ఆ చెప్పులు అడ్డం. వాటిలో ఒకటి బోర్లా పడి ఉంది.

పక్కకి పెడదామని వంగి పట్టుకున్నాడు. తోలు ఇంకా గోరువెచ్చగా ఉంది. గురువుగారి చెప్పులకి చెయ్యి తగిలేసరికి ఆ చెయ్యి దానంతటది వెళ్ళి కళ్ళకి అద్దుకుంది. రొట్టె సంచీతో వస్తున్న ఒక లావుపాటి మనిషి అది చూసి ఆగిపోయాడు.

ఫణీంద్ర బోర్లా పడ్డ చెప్పు తిరగేశాడు. జత చేసి గడప పక్కన పెట్టాడు. తన బూట్ల లేసులు విప్పి, వాటినీ ఆ పక్కన పెట్టాడు. ఇత్తడి చేతులు ఆ ఊళ్ళో ఎన్నింటిని ఫొటో తీశాడో అతనికే తెలీదు. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకుంటే చల్లగా, కరచాలనానికి చాచినట్టే ఉంది. తట్టాడు.

లోపల వంటింట్లో మాస్టారు కాళ్ళమీద దుప్పటి, చేతిలో కాఫీ. ఆవిడ పేరు ఒడెట్. ఆవిడ ఫ్రెంచిలో చెబుతోంది, మాస్టారు తెలుగులో జవాబిస్తున్నారు.

"అవునమ్మా, మాదీ అంతే. వానాకాలం చెక్క ఉబ్బుతుంది."

"ఆవిడ అదే చెప్పిందని మీకెలా తెలుసు మాస్టారూ?"

"తలుపుని ఎత్తి తోస్తున్నట్టు చేతులతో చూపించిందిరా. ఇంకెలా చెబుతారు?"

ఫణీంద్ర ఫోను తీయబోయి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ చీటీ సంగతి మాత్రం తరవాత ఫోను సాయంతో అడిగి తెలుసుకున్నాడు. ఆవిడకి చెవి కాస్త మందం. 'గట్టిగా తట్టండి, ఇంట్లోనే ఉన్నాను' అని రాసి పెట్టుకుందట.

ఇంతలో మళ్ళీ తలుపు చప్పుడయింది. ఇందాకటి లావుపాటి మనిషి! పక్కింటి గస్తోన్. ఒడెట్ ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దామని వచ్చాడు. అతని కాళ్ళకి చారల మేజోళ్ళు. ఒకదాంట్లోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. ఒడెట్ ఆ వేలు చూసి నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. గుమ్మం ముందు చెప్పులూ బూట్లూ చూసి, ఇవాళ ఈ ఇంటి పద్ధతి ఇదే అనుకున్నాడట పాపం.

బయటికొచ్చేసరికి ఎండ పోయింది. నీలం తలుపు బూడిదరంగుకి తిరిగింది. కుండీ, సైకిలు, చీటీ. గడప పక్కన తోలు చెప్పులు, నల్లబూట్లు, పడవల్లాంటి గస్తోన్ బూట్లు. ఫణీంద్ర వట్టికాళ్ళతోనే వీధి మధ్యకి నడిచి ఒక్క ఫొటో తీశాడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే మాస్టారు గోడ ముందు నిలబడ్డారు. నడిమధ్య చోటు ఇప్పుడు ఖాళీగా లేదు. బాగుంది అనిపించుకోకుండానే ఫణీంద్ర అక్కడ నీలం తలుపు ఫొటో తగిలించేశాడు.

"ఎవరిల్లు?"

"ఒడెట్ గారిల్లు మాస్టారూ. వాన పడితే తలుపు పట్టేస్తుంది. కాస్త ఎత్తి తోయాలి. గట్టిగా తట్టాలి, లేకపోతే ఆవిడకి వినపడదు. ఆ పెద్ద బూట్లు గస్తోన్‌వి. సైకిలు కూడా ఆయనదేనట, వాళ్ళ గుమ్మంలో చోటు లేక..."

"ఊ," అన్నారు మాస్టారు.

ఫణీంద్ర ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఊ అన్నారన్న సంగతి కూడా గమనించలేదు. అంతలో హాలు గుమ్మం దగ్గర సందడి. ఒడెట్‌ని చెయ్యిపట్టి తీసుకొచ్చిన గస్తోన్, గడప బయట వంగి బూట్లు విప్పుతున్నాడు. ఇవాళ కొత్త మేజోళ్ళు. వెనకనే వచ్చిన సూటు పెద్దమనిషి ఆ బూట్లు చూశాడు, తన కాళ్ళు చూసుకున్నాడు, ఒంటికాలి మీద నిలబడి తనవీ విప్పడం మొదలెట్టాడు. అతని వెనక ఇంకో ఆవిడ.

"బాగుంది," అన్నారు శరభయ్య మాస్టారు.

ఫణీంద్ర గిరుక్కున తిరిగాడు. మాస్టారు గోడవైపు కాదు, గుమ్మం ముందు విడిచిన బూట్లవైపు చూస్తున్నారు.

ఫణీంద్ర గుమ్మం దగ్గరికి వెళ్ళి, సూటాయన బూటు ఒకటి బోర్లా పడి ఉంటే తిరగేసి పెట్టాడు.