హారన్ కొట్టని లారీ

మాణిక్యాంబ గారిని ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు రాదు. ఆడవాళ్ల జైల్లో వార్డరుగా పనిచేసి, నవలలు రాసిన మనిషి. ఆవిడ దగ్గర రాయడం నేర్చుకున్నవాళ్లలో సర్వేయరు ఉన్నాడు, బట్టలు కుట్టే ఆవిడ ఉంది, పళ్లు పీకే నేనూ ఉన్నాను. మేం చేసే పనులేమిటో మా పుస్తకాల వెనక అట్టమీద దర్జాగా అచ్చయ్యాయి కూడా.

పేచీ గవిరినాయుడి దగ్గరే వచ్చింది. అతనూ ఆవిడ శిష్యుడే, పాడేరు ఘాట్ రోడ్డుమీద బస్సు నడుపుతాడు. ఏళ్లతరబడి రాసుకున్న నవల అచ్చుకి వెళ్తుంటే, రచయిత పరిచయం రాసి పంపమన్నాడు ప్రచురణకర్త. దాంతో ఇతని గుండెల్లో రాయి పడింది.

"డ్రైవరు రాసిన నవలంటే ఎవులు సదువుతారమ్మా? నవ్వి పక్కన పడేత్తారు. కలంపేరొక్కటీ ఏసి, పని సంగతి దాచేత్తే తప్పేటి?"

"రేపు నీ బస్సెక్కుతాం," అన్నారావిడ. ఆ "తాం"లో నేనూ ఉన్నానని మర్నాడు పొద్దున్న గాని తెలియలేదు.

ఘాట్ ఎక్కుతుండగా పొగమంచు కమ్మేసింది. బస్సు ముందు రోడ్డు లేదు. మలుపు కనబడకపోతే ఆ దారి డ్రైవర్లు బండి ఆపి, హారన్ కొట్టి, ఇంజను కట్టేసి, అవతలి బండి తిరిగి హారన్ కొడుతుందేమోనని చెవొగ్గుతారు. గవిరినాయుడూ అలాగే చేశాడు. జవాబు లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. దారి ఖాళీయే అనుకుని మేం ఊపిరి పీల్చుకున్నాం. అతను మాత్రం బండి కదపలేదు.

అప్పుడు వినిపించింది, రాళ్లమీద టైర్ల చప్పుడు.

"ఎవులూ లెగొద్దు!" అని అరిచి, ఇంజను వేసి, బస్సుని కొండవైపు ఒత్తేశాడు. లైట్లు లేని లారీ ఒకటి మంచులోంచి ఊడిపడి, మాకూ లోయకీ మధ్య నుంచి మా అద్దం విరగ్గొట్టుకుంటూ దిగిపోయింది. వెనక సీట్లో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. నాకైతే పెళ్లాంపిల్లలు కళ్లముందు తిరిగారు. మాణిక్యాంబ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

పాడేరు స్టాండులో దిగి టీ తీసుకున్నాం. ఆవిడ గవిరినాయుణ్ణి అడిగారు.

"వాడు హారన్ ఎందుకు కొట్టలేదు?"

"దొంగకలప బండేనమ్మా. అందులో ఉన్నదెవులో తెలీకూడదని లైట్లెయ్యరు, హారనూ కొట్టరు."

ఆవిడ గ్లాసు కింద పెట్టి, గవిరినాయుడి మొహంలోకి చూశారు.

"మరి నీ నవల్లో ఏం దొంగసరుకుంది, నాయనా?"