నాడె తగిలిన కంటితెర వ్రత కథ

పూర్వము దాల్భ్యముని కౌత్స మహర్షిని జూచి, దెబ్బ తగిలిన కంటికి చూపు నిలుపు వ్రతమేదియని యడిగెను. కౌత్సుడు కన్నెర్రజేసి, "కన్ను పోయిన పిదప వ్రతమడుగుటకు అందరును వత్తురు. దెబ్బ తగిలిననాడు వచ్చినవాడేడీ? వినుము" అని చెప్పసాగెను.

ఒక ఊర మార్కండయ్య యను నేతగాడు కలడు. అతని భార్య భద్రావతి, కూతురు వనజ. అతడు పోగు తెగినంతనే మగ్గమాపి ముడివేసి గాని కదలడు. ఒకనాడు దారమును అటునిటు కొట్టు నాడె ఎగిరి అతని కుడికంటికి తగిలెను. కంటిలో మెరుపులు మెరిసెను, నల్లని నలుసులు తేలెను. ఆసుపత్రికి పొమ్మని భార్య పోరెను. అతడు వినక, కంటిలో ఆకుపసరు పోయించుకొని, చీర మగ్గము దిగిన పిమ్మట చూతమనెను. మరునాటికి ప్రక్కనుండి నల్లని తెర క్రమ్మెను. ఆ కంటిచూపు మొత్తము పోయిన పిదప ఆసుపత్రికి పోగా, కంటి లోపలి పొర ఊడి ముడుచుకొనెనని, ఇక అతుకదని చెప్పిరి. అతడు గ్రహచారమని దేవుని తిట్టెను. ఏమి, దేవుడు పసరు పోసెనా?

మరుసటి యేడు అదే నాడె, మగ్గము ప్రక్కన దారపు కండెలు చుట్టుచున్న వనజ కంటికి తగిలెను. మెరుపులు, మెరుపులని పిల్ల యేడ్చెను. మార్కండయ్య మరల పసరు తెమ్మనెను! భద్రావతి ఉగ్రురాలై, "పోగు తెగితే చిటికెలో మగ్గం ఆపుతావే! బిడ్డ కంట్లో తెగితే రేపు చూద్దామంటావా? సిగ్గులేదూ నీకు?" అని పసరుగిన్నె వీధిలోకి విసరెను.

ఆ పూటనే బిడ్డను కన్ను నలుపుకొననీయక ఆసుపత్రికి కొనిపోయెను. వైద్యురాలు శస్త్రచికిత్స చేసి, కంటిలో గాలిబుడగ నిలిపి, అది పొరను అదిమిపట్టి అతుకువరకు బోర్లా పడుకొనవలెనని నియమము చెప్పెను. అదియే వ్రతము.

బంధువులు వచ్చి, "దేవుడికి వీపు చూపించి పడుకోవడమేం వ్రతమమ్మా?" అని నవ్విరి. పిల్లను లేపి బొట్టు పెట్టబోయిరి. భద్రావతి గుమ్మమున కూర్చుండి ఒక్కరిని చేరనీయదాయెను. మార్కండయ్య మంచము ప్రక్క నేలపై వెల్లకిల పరుండి, క్రిందినుండి బిడ్డ నోటికి ముద్దలందించెను.

నియమము తీరి, చూపు తేటపడిననాడు వనజ తలయెత్తి, "నాన్నా, నీ కండువాకి పోగు లేచింది" అనెను. మార్కండయ్య బావురుమనెను. లేచి, నాడె ఎగురకుండ మగ్గమునకు అడ్డు కట్టెను. అతని కుడికన్ను మాత్రము రాలేదు.

కావున నేతగాండ్రు, కమ్మరులు, రాళ్లు కొట్టువారు, బిళ్ళంగోడు ఆడు పిల్లలను కన్నవారు, బాణసంచా కాల్చువారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారు సూదికి దారమెక్కింతురు, బియ్యములో రాళ్లేరుదురు, మనుమల మొగములు చూతురు. అక్షతలు తలపై వేసికొనిన చేతితోనే మరల పసరు పిండువాడు ఈ కథ విననే లేదు.